విద్యార్థి యెవరి పొరుగున వసింపవలెను?



ఇరువదియైదు సంవత్సరములు నిండిన యీ గ్రంథాలయమునుగూర్చి పలుకదగిన విషయములు పెక్కులు కలవు. గ్రంథముల గొప్పతనమును, పఠనమువలని లాభమును పెద్దలు చక్కగా వివరించిరి. ఈ ప్రసంగము మాత్రము ఒక చిన్న ప్రశ్నను గూర్చినది. అది యీ గ్రంథాలయపు అరుగుమీదనే చర్చకు వచ్చి, మూడు సాయంకాలములు పెద్దలకు పని కల్పించిన ప్రశ్న. చదువులో ముందున్న విద్యార్థి తనవంటివారి నడుమనే నివసింపవలెనా? లేక అందఱి నడుమ నివసింపవలెనా?

ప్రతిదినమును ఉదయముననే వచ్చి, పత్రికను మొదటి పుట మొదలుకొని కడపటి ప్రకటన వఱకు విడువక చదువు వృద్ధ రైతు ఒకరు ఈ గ్రామమున కలరు. ఆయన కుమార్తెయు, అల్లుడును అమెరికాలో స్థిరపడి చాలకాలమైనది. మనుమరాలు అచ్చటనే పుట్టి పెరిగినది. ఐనను తాతగారితో తెలుగుననే మాటలాడును. ఆ బాలిక పండ్రెండవ తరగతి ముగించుచుండగా ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయమున ప్రవేశము లభించెను. దానితోపాటు అందలి ఆనర్సు కళాశాలలోను స్థానము లభించెను. ఆ దేశమున సాధారణముగా మే నెల మొదటి తేదీలోగా విద్యార్థులు తమ నిర్ణయమును తెలుపవలెను. ఏప్రిల్ నెలలో నొకనాటి రాత్రి ఆమె తాతగారికి ఫోను చేసెను.

“తాతయ్యా, అమ్మేమో ఆనర్సు హాస్టల్లోనే ఉండమంటోంది. నాన్నా అదే అంటున్నాడు. నాకు తేల్చుకోవడం రావడం లేదు. నువ్వేమంటావు?”

“హాస్టలంటే హాస్టలే కదమ్మా! అందులో మళ్ళీ ఎక్కువేమిటి, తక్కువేమిటి?”

“చదువులో ముందున్నవాళ్ళకి వేరే భవనం తాతయ్యా. గదులు బాగుంటాయి. అక్కడ అందరూ చదివేవాళ్ళే.”

“అందరూ చదివేవాళ్ళయితే మరి నీకు బెంగ ఎందుకు తల్లీ?”

“అదే తాతయ్యా. ఆరో తరగతినుంచీ నేను వాళ్ళతోనే ఉన్నాను.”

ఆ కడపటి మాట వృద్ధునకు నిద్ర పట్టనీయలేదు. మఱునాటి సాయంకాలము ఆయన ఆ ప్రశ్నను అరుగుమీదికి తెచ్చెను.

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు, “ఇందులో ఆలోచించేదేముంది? గంధపుచెట్టు పక్కనుంటే వేపకూ వాసన అంటుతుంది. పంపించమనండి” అనిరి. సహకార సంఘపు గుమాస్తా, “మాస్టారూ, వాసన సంగతి తరువాత. ముందు అద్దె ఎంతో కనుక్కోమనండి” అనెను. వృద్ధ రైతు తల యాడించి, “పిల్ల అడిగింది అద్దె సంగతి కాదురా అబ్బాయ్” అనెను. ఆ మూడు మాటలలోను కొంత కొంత సత్యము కలదు. కావున విషయమును మొదటినుండి విచారించుట మంచిది.

ఆనర్సు అను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున బి.ఏ. ఆనర్సు చదివినవారు పూర్వము పెక్కుమంది కలరు. అమెరికాలో నీ పద్ధతికి బలము చేకూర్చినవారిలో ఫ్రాంక్ ఐడెలాట్ ముఖ్యుడు. ఆయన రోడ్సు విద్యార్థివేతనముతో ఆక్స్‌ఫర్డున చదివి, 1921లో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి స్వార్త్‌మోర్ కళాశాలకు అధ్యక్షుడయ్యెను. మఱుసటి సంవత్సరము, అనగా 1922లో, అచ్చట ఆనర్సు పద్ధతిని ప్రవేశపెట్టెను. సమర్థులగు విద్యార్థులు కడపటి రెండు సంవత్సరములలో పెద్ద తరగతులయందు కూర్చుండి ఉపన్యాసములు వినుటకు మాఱుగా, కొలదిమందిగా గూడి గురువుతో చర్చించుచు చదువుకొందురు. పరీక్షకులు బయటినుండి వత్తురు. కావున పరీక్షనాడు గురువును శిష్యుడును ఒకే పక్షమున నుందురు. ఇది యా పద్ధతిలోని సొగసు.

తరువాత టెక్సాసు విశ్వవిద్యాలయమున 1935లో ‘ప్లాన్ టూ’ అను పేరుతో ఆనర్సు పాఠ్యక్రమము వెలసెను. ఆరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున 1988లో ప్రత్యేకముగా ఆనర్సు కళాశాలయే యేర్పడెను. 2009లో దానికి టెంపీ నగరమున తరగతి గదులు, భోజనశాల, నివాసములు గల ప్రత్యేక ప్రాంగణము సిద్ధమయ్యెను. పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున 1997లో ఒక కుటుంబమిచ్చిన పెద్ద విరాళముతో ష్రేయర్ ఆనర్సు కళాశాల యేర్పడెను. ఇట్లు మొదట చదువు పద్ధతిగా పుట్టినది క్రమముగా నివాస పద్ధతియు నయ్యెను.

నివాసమేల కలిసెను? ఆ దేశమునందలి పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయములలో విద్యార్థుల సంఖ్య వేలు గాదు, పదివేలతో లెక్కింపవలసినది. ఒక్కొక్కటి యొక పట్టణమువంటిది. పదునెనిమిదేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి అట్టి జనసముద్రమున అడుగిడినవాడు తన పేరు తెలిసినవారు లేక దిక్కుతోచక యుండును. ఆ పట్టణములో నొక చిన్న వీధిని ఏర్పఱచి, చదువునందు ఆసక్తి గలవారిని అందుంచిన యెడల వారు ఒకరినొకరు గుర్తెఱుగుదురు. సలహా చెప్పువారును దగ్గఱనుందురు. ఈ యాలోచనలో దోషమేమియు లేదు. పెద్ద విశ్వవిద్యాలయములోని వసతులును, చిన్న కళాశాలలోని యాదరమును ఒక్కచోట దొరకునట్లు చేయుటయే దాని యుద్దేశము.

ఇక జమాఖర్చు వ్రాసి చూడవలెను. లెక్క వ్రాయువాడు జమను మాత్రమే వ్రాసి ఖర్చును దాచిన యెడల నిలువ తేలదు.

జమ వైపున మొదటిది నిశ్శబ్దము. రెండవది తోడు. రాత్రివేళ గణితమున నొక లెక్క తెగనప్పుడు ప్రక్కగది తలుపు తట్టిన చాలును. మూడవది ఆచార్యుల సాన్నిధ్యము. నాలుగవది, చదువుట తప్పు కాదను ధైర్యము. చదువుకొనువానిని పరిహసించువారి నడుమనున్న బాలుడు పుస్తకమును దాచుకొనును. చదువువారి నడుమనున్నవాడు దాచుకొనడు.

ఈ జమ ఊహామాత్రము గాదు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమునందలి డార్ట్‌మత్ కళాశాలలో క్రొత్త విద్యార్థులకు గదులను చీట్లు తీసినట్లు కేటాయించిరి. ఎవరికి ఎవరు తోడు వత్తురో విద్యార్థుల యిష్టమునుబట్టి జరుగలేదు. కావున గదిలోని తోడివాని ప్రభావమును కొలుచుటకు వీలు కలిగెను. బ్రూస్ సాసెర్డోట్ అను అర్థశాస్త్రవేత్త దానిని పరిశీలించి 2001లో ప్రకటించెను. తోడివాని ప్రభావము మార్కులమీద కలదనియు, ఏ విద్యార్థి సంఘమున చేరవలెనను నిర్ణయముమీదను కలదనియు తేలెను. ఏ శాస్త్రమును ప్రధానముగా చదువవలెనను విషయమున మాత్రము అట్టి ప్రభావము కానరాలేదు. అనగా పొరుగువాడు విద్యార్థి నడకను మార్చును గాని, పోవలసిన యూరిని మార్చడు.

కెంటకీ రాష్ట్రమునందలి బెరియా కళాశాల మఱొక యుదాహరణము. ఆదాయము తక్కువగల కుటుంబముల పిల్లలు అచ్చట బోధనా రుసుము లేకయే చదువుదురు; ప్రతి విద్యార్థియు కొంత పని చేయవలెను. అచ్చటి విద్యార్థులనుగూర్చి 2008లో వెలువడిన పరిశోధనము ఒక చిత్రమైన విషయమును తెలిపెను. గదిలోని తోడివాడు వీడియో ఆటల యంత్రమును వెంటతెచ్చినచో, మొదటివాని చదువు గంటలు తగ్గెను, మార్కులును తగ్గెను. యంత్రము ఒకరిది, నష్టము మఱొకరిది. ఉపాధ్యాయులు చెప్పిన గంధపుచెట్టు ఉపమానము ఇట్లు ఇరువైపులను నిజమే. వాసన ఏదైనను అంటును.

ఇక ఖర్చు వైపు చూడవలెను. గుమాస్తా చెప్పిన అద్దె మొదటిది. క్రొత్త భవనములకు పలుచోట్ల అద్దె యెక్కువ. కొన్నిచోట్ల ఆనర్సు విద్యార్థులు మొదటి సంవత్సరము అచ్చటనే యుండవలెనను నియమమును కలదు, కొన్నిచోట్ల లేదు. దీనిని ముందుగా అడిగి తెలిసికొనవలెను.

రెండవ ఖర్చు మనసునకు సంబంధించినది. తన బడిలో మొదటివాడుగా నున్న బాలుడు అందఱును మొదటివారే యైన యింట నివసించినచో, ఇరువదవవాడుగా నుండుట నేర్చుకొనవలెను. కొందఱకు అది మంచి మందు, అహంకారము తగ్గును. కొందఱకు అది విషము, ధైర్యము తగ్గును.

మూడవది యన్నిటికంటె పెద్దది. మేటివారు మేటివారితోనే నివసించుచు, భుజించుచు, ఆడుచునున్న యెడల తక్కినవారు వారి కంటికి కానరాకుండ పోవుదురు. ఈ భయము అమెరికాలోనే నూఱేండ్లకు పూర్వము గొప్ప వివాదమునకు కారణమయ్యెను. అది యానర్సు గృహములను గూర్చినది కాదు, సంపన్నుల భోజన సంఘములను గూర్చినది. ఐనను ప్రశ్న యొక్కటియే. తరువాత 1913లో ఆ దేశాధ్యక్షుడైన ఉడ్రో విల్సన్, దానికి పూర్వము ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడు. అచ్చట పై తరగతుల విద్యార్థులు భోజన సంఘములుగా ఏర్పడి తమకు నచ్చినవారినే చేర్చుకొనుచుండిరి. చేర్చుకొనబడనివారు వెలివేయబడినట్లు బాధపడుచుండిరి. విల్సన్ 1907లో, ఆ సంఘములను తీసివైచి, నాలుగు సంవత్సరముల విద్యార్థులును కొందఱు గురువులతో గూడి కలసి నివసింపవలెనని ప్రతిపాదించెను. పాలకమండలి మొదట ఔననెను. పూర్వ విద్యార్థులు మండిపడిరి. అక్టోబరు నెలలో మండలి తన మాటను వెనుకకు తీసికొనెను. సంఘములు నిలిచెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమున అధ్యక్షుడు లోవెల్, ఎడ్వర్డు హార్క్‌నెస్ అను ధనికుని దానముతో, 1930లో అన్ని విధములవారును కలసి నివసించు గృహములను తెఱచెను. ఉద్దేశము మంచిది. కాని యదే లోవెల్ కొలది సంవత్సరములకు పూర్వము నల్లజాతి విద్యార్థులను మొదటి సంవత్సరపు వసతిగృహములలోనికి రానీయలేదు. 1923లో పర్యవేక్షక మండలి యా నిర్ణయమును త్రోసివేయవలసి వచ్చెను. కలసియుండుడని చెప్పు నోటితోనే కొందఱను బయట నుండుడని చెప్పుట మానవునకు ఎంత సులభమో దీనివలన తెలియుచున్నది. పిదప పెక్కేండ్లు గడచునప్పటికి ఆ గృహములలో ఆటగాండ్రు ఒకచోటను, కళాప్రియులు మఱొకచోటను చేరి, ఒక్కొక్క యిల్లు ఒక్కొక్క తెగవారి యిల్లు అయ్యెను. కావున 1996నుండి చీట్లు తీసినట్లు ఇండ్లను కేటాయింపసాగిరి. మనుష్యులను వారి యిష్టమునకు విడిచినచో తమవంటివారినే వెదకుకొందురు.

అట్లైన, అందఱను కలిపి ఒకే యింట నుంచిన చాలునా? చాలదు. దీనికి రెండు సాక్ష్యములు కలవు. ఒకటి క్రొత్తది, ఒకటి ప్రాతది.

క్రొత్తది అమెరికా వైమానిక దళపు విద్యాలయమునకు చెందినది. చదువులో వెనుకబడుదురని తోచిన విద్యార్థులకు మేలగునని తలచి, వారిని చదువులో ముందున్నవారితో చేర్చి దళములను ఏర్పఱచిరి. పండితులు లెక్కలు వేసి చేసిన ఏర్పాటది. 2013లో ఫలితమును ప్రకటించిరి. ఎవరికి మేలు తలపెట్టిరో వారికే కీడు జరిగెను. కారణమేమి? ఒకే దళమున నున్నను, ముందున్నవారు ముందున్నవారితోను, వెనుకబడినవారు వెనుకబడినవారితోను గుంపులు కట్టిరి. గోడ లేనిచోట వారే గోడ కట్టుకొనిరి.

ప్రాత సాక్ష్యము భారతమున కలదు. ద్రోణుడును ద్రుపదుడును ఒకే గురువునొద్ద విద్య నేర్చిరి. ఒకరు పేద బ్రాహ్మణ కుమారుడు, ఒకరు రాజకుమారుడు. బాల్యమున ద్రుపదుడు స్నేహముతో ఎన్నియో మాటలిచ్చెను. కాలము గడచి, లేమిచే పీడితుడైన ద్రోణుడు ఆ మాటలు తలచుకొని వచ్చినప్పుడు, రాజునకును పేదవానికిని స్నేహమెట్లు పొసగునని యతడు పరిహసించెను. ఆ పరిహాసమునకు ఫలము ఎంతదూరము పోయెను! అర్జునుని చేత ద్రుపదుడు పట్టుబడుట, రాజ్యము చెఱి సగమగుట, పగతో యజ్ఞము, ధృష్టద్యుమ్నుని పుట్టుక, కురుక్షేత్రమున ద్రోణుని శిరస్సు తెగుట. ఇవి యన్నియు ఒక సహపాఠిని గుర్తింపకపోవుటతో ఆరంభమయ్యెను.

భాగవతమున మఱొక జంట కలదు. శ్రీకృష్ణుడును కుచేలుడును సాందీపని యాశ్రమమున కలసి చదివిరి. గురుపత్ని పంపగా కట్టెలకై యడవికి పోయి, గాలివానలో చిక్కి, రాత్రియంతయు చేతులు పట్టుకొని తిరిగిరి. పెక్కేండ్ల పిమ్మట చినిగిన వస్త్రముతో వచ్చిన కుచేలుని ద్వారకాధీశుడు ఎదురేగి కౌగిలించుకొనెను, పాదములు కడిగెను, ఆ గాలివాన రాత్రినే మొట్టమొదట జ్ఞాపకము చేసెను.

రెండు జంటలును ఒకే కప్పుక్రింద వసించినవియే. ఒకదాని ఫలము యుద్ధము, ఒకదాని ఫలము ప్రేమ. కప్పు ఒక్కటియే చాలదని దీనివలన తెలియవలెను. భేదమెచ్చట? రెండవ జంట కలసి కట్టెలు మోసిరి, కలసి తడిసిరి. చదువు కలిపినదానికంటె పని యెక్కువగా కలిపెను. ఒకే గృహమున నుండుట కేవలము అవకాశము. కలసి చేయు పనియే స్నేహము.

ఐనచో మేటి విద్యార్థులకు వేఱు గృహము వలదని చెప్పవలెనా? అట్లును చెప్పరాదు. తెలుగు దేశమునందలి యనుభవమును విస్మరింపరాదు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వము గురుకుల పాఠశాలను స్థాపించెను. ఇంటియొద్ద దీపమును, పుస్తకమును, నిశ్శబ్దమును లేని గ్రామీణ బాలురలో తెలివిగలవారిని ఎన్నుకొని, అన్నము పెట్టి చదువు చెప్పుట దాని యుద్దేశము. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడి, నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పదవ తరగతి ముగించిన పిల్లలను చేర్చుకొని, ఆఱు సంవత్సరములు అచ్చటనే యుంచి ఇంజనీరింగు చదువు చెప్పసాగెను. ప్రవేశమున ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు అదనపు తూకము నిచ్చుట దానిలోని న్యాయము. ఇంట అందఱును ఒకే గదిలో నిద్రించు కుటుంబపు బాలునకు, చదువరుల నడుమ నొక మంచము, ఒక బల్ల దొరకుట గర్వకారణము గాదు, ప్రాణాధారము. వానికి పొరుగున రైతులు, కూలీలు, చేతిపనివారు లేని కొఱత లేదు. వారి నడుమనే పుట్టెను. వానికి కొఱత చదువరుల సాంగత్యమే.

ఇచ్చట అసలు సూత్రము దొరకుచున్నది. వైద్యుడు అందఱకును ఒకే కషాయము ఇయ్యడు. వాతప్రకృతికి ఒకటి, పిత్తప్రకృతికి ఒకటి. అట్లే వసతిగృహమును నిర్ణయించునప్పుడు దాని పేరును జూడరాదు. విద్యార్థికి ఇంతవఱకు లేనిదేదో చూడవలెను. చదువరుల తోడు లేనివాడు చదువరుల యింటికి పోవలెను. చదువరులను దప్ప నెవ్వరిని ఎఱుగనివాడు అందఱ యింటికి పోవలెను.

తల్లిదండ్రులు నిర్ణయమునకు పూర్వము నాలుగు ప్రశ్నలు వేసికొనుట మంచిది. మొదటిది: అచ్చట నుండుట నియమమా, యిష్టమా; అద్దె యెంత; ఒకసారి వదలుకొన్నచో మరల దొరకునా? రెండవది: ఆనర్సు చదువునకును ఆనర్సు గదికిని విడదీయరాని ముడి కలదా, లేక గది వేఱైనను చదువు సాగునా? మూడవది: ఆ గృహమున నున్నవారు బయటివారితో భోజనము, ఆట, పని పంచుకొనుట కలదా, లేక అన్నియు లోపలనే ముగియునా? నాలుగవది: ఈ బిడ్డ స్వభావమేమి; తలుపు తెఱచుకొని బయటికి పోవునా, మూసికొని లోపల కూర్చుండునా? మొదటి మూడింటికి విశ్వవిద్యాలయము సమాధానము చెప్పును. నాలుగవదానికి ఇంటివారే చెప్పవలెను. వారికంటె బిడ్డ చెప్పవలెను.

మూడవనాటి సాయంకాలము చర్చ ముగిసిన తరువాత వృద్ధ రైతు ఇంటికి పోయి ఫోను చేసెను.

“తల్లీ, ఇక్కడ పెద్దవాళ్ళు మూడు రోజులు మాట్లాడారు. అక్కడుండమనీ చెప్పను, వద్దనీ చెప్పను. నీకేది తక్కువగా ఉందో అది దొరికే చోటికి వెళ్ళు.”

కొంతసేపు బాలిక మాటలాడలేదు. పిమ్మట, “ఆనర్సు చదువు వదలను తాతయ్యా. గది మాత్రం మామూలు హాస్టల్లో తీసుకుంటాను. అక్కడ వీలవుతుందన్నారు” అనెను.

“మీ అమ్మ ఒప్పుకుంటుందా?”

“నువ్వే చెప్పాలి.”

ఆ సంభాషణము అంత సులభముగా జరుగలేదని మాత్రము చెప్పవచ్చును. కుమార్తె రెండు దినములు తండ్రితో సరిగా మాటలాడలేదు. “మీరక్కడ అరుగుమీద కూర్చుని దాని భవిష్యత్తు తేల్చేశారా నాన్నా?” అని యడిగెను. ఆ కోపము అన్యాయమైనది కాదు. పరదేశమున తాము పడిన శ్రమను తలచుకొని, బిడ్డకు దొరకిన మంచి స్థానమును చేజార్చరాదని తల్లి కోరుట సహజము. తండ్రి కొంతసేపు ఊరకుండి, “తేల్చింది మేం కాదమ్మా, అదే తేల్చుకుంది” అనెను.

ఫలితము పూర్తిగా తీపియని చెప్పిన అసత్యమగును. మొదటి మూడు నెలలును ఆ వసతిగృహమున రాత్రులందు గోల యెక్కువ. ఒక విషయమున మార్కులు తగ్గెను. ఆనర్సు గృహమున నున్న సహాధ్యాయులు రాత్రివేళ కూడి చర్చించుకొను సంగతులు మఱునాడు ఆమెకు ఎవరైనను చెప్పిననే తెలియును. తల్లి యిప్పటికిని పూర్తిగా సమాధానపడలేదు. బాలిక మాత్రము ఒక ఉపాయము కనుగొనెను. రాత్రి భోజనము కాగానే విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునకు పోయి, అచ్చటి బల్లయొద్ద చదువుకొని, గోల సద్దుమణిగిన పిమ్మట గదికి మరలును. తరువాతి పరీక్షలో పోయిన మార్కులు కొంతవఱకు తిరిగి వచ్చెను.

గదిలోని తోడి బాలిక ఒక రైతు కుమార్తె. తండ్రి మొక్కజొన్నయు, సోయాచిక్కుడును పండించును. ఆమె వారమునకు కొన్ని రాత్రులు భోజనశాలలో పని చేయుచు చదువుకొనును. వారి కుటుంబమున కళాశాలకు వచ్చిన మొదటి వ్యక్తి ఆమెయే. పరీక్షలో నొకసారి తప్పినప్పుడు ఎవరిని అడుగవలెనో యెఱుగక ఊరకుండెను. మనుమరాలు ఆమెను ఆచార్యునొద్దకు తోడ్కొనిపోయెను. ఆమె మనుమరాలిని సెలవులలో తమ పొలమునకు తోడ్కొనిపోయి కోతయంత్రము నెక్కించెను. ఈ సంగతి విని వృద్ధ రైతు అడిగిన మొదటి ప్రశ్న యిది: “వాళ్ళ నాన్నకి ఈసారి ధర ఎంత పలికిందట?” ధర పడిపోయినదని విని, అరుగుమీదికి వచ్చి, తన సొంత పొలమునకు నష్టము వచ్చినట్లే విచారముతో చెప్పెను. భూమికి ఆవలివైపున నున్న రైతు ఒకడు ఈ గ్రామపు సంభాషణములోనికి వచ్చెను. ఆ బాలిక వేఱొక గదిలో నుండినచో వచ్చియుండడు.

సభాసదులారా! ఈ కథను ఈ రజతోత్సవమున చెప్పుటకు కారణము కలదు. నిశ్శబ్దమును గ్రంథాలయమున పొందవచ్చును. గ్రంథమును అరువు తెచ్చుకొనవచ్చును. పొరుగును మాత్రము అరువు తెచ్చుకొనుటకు వీలులేదు. వారితో వసించియే సంపాదింపవలెను. గదిలో లేని నిశ్శబ్దమును ఆ బాలికకు ఇచ్చినది ఒక గ్రంథాలయపు బల్ల. అట్టి బల్లయే ఇచ్చటను కలదు.

ఈ బల్లయొద్ద ఇరువదియైదేండ్లుగా ఎవరెవరు కూర్చుండిరో సభ్యులందఱును ఎఱుగుదురు. పట్టభద్రుడును, అక్షరములు కూడబలుకుకొనువాడును ఒకే పత్రికయొక్క రెండు పుటలను పంచుకొని చదివిరి. చదువరికి వేఱు బల్ల, చదువు రానివానికి వేఱు బల్ల ఇచ్చట వేయలేదు. ఐనను మాటలాడవలదను నియమమును అందఱును పాటించిరి. చదువువారి నిశ్శబ్దమును, అందఱ సాంగత్యమును ఒకేచోట కూడియుండుట సాధ్యమని యీ చిన్న గది ఋజువు చేసినది. పెద్ద విశ్వవిద్యాలయములు నేటికిని వెదకుచున్నది యిదియే.

ఈ గ్రామపు పిల్లలు నూజివీడు పోవచ్చును, హైదరాబాదు పోవచ్చును, సముద్రము దాటి పోవచ్చును. వారికి ఎచ్చట గది దొరకినను, తల్లిదండ్రులు ఆ గది పేరును గాక బిడ్డ కొఱతను జూచి యెంచుదురుగాక. మేటివారి యింట నుండవలసినవారు సంకోచింపక ఉందురుగాక. కాని భోజనమునకు, ఆటకు, పనికి తలుపు దాటి బయటికి వత్తురుగాక. సెలవులకు వచ్చినప్పుడు ఒక్క సాయంకాలమైనను ఈ బల్లయొద్ద, పత్రికను కడపటి ప్రకటన వఱకు చదువు ఆ వృద్ధుని ప్రక్కన కూర్చుందురుగాక. ద్రుపదుని చదువునకును శ్రీకృష్ణుని చదువునకును గల భేదము అచ్చట తేలును.

గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక. స్వస్తి.